గుమ్మం తగిలిన గాయం

పూర్వం రాజులు యుద్ధానికి వెళితే ముందుగా భేరి మోగించేవారట. చెప్పాపెట్టకుండా మీద పడటం అధర్మమని వాళ్ల నమ్మకం. ఆ ధర్మం రాజులతోపాటే పోయిందని చరిత్రకారులు రాశారు గానీ, వాళ్లెవరూ కానిస్టేబుల్ వెంకట్రాజం దగ్గు వినలేదు. వారంటు పట్టుకొని ఏ ఊరికి వెళ్లినా, సదరు ఇంటికి ఇరవై అడుగుల దూరంలో ఆగి, లాఠీ నేలకు ఆనించి, వెంకట్రాజం మూడుసార్లు దగ్గేవాడు. మొదటి దగ్గు హెచ్చరిక. రెండోది చెప్పులు వెతుక్కోవడానికి గడువు. మూడోది ముగిసేసరికి కావలసిన మనిషి పెరటి గోడ దూకి జొన్నచేలో ఉండేవాడు. అప్పుడు వెంకట్రాజం మీసం సవరించుకొని లోపలికి పోయి, ఆ ఇంటివాళ్లు ఇచ్చిన చల్ల తాగి, "మనిషి ఊళ్లో లేడు" అని కాగితం వెనక రాసుకొని వచ్చేవాడు.

దీన్ని పిరికితనం అనేవాళ్లు ఉన్నారు. వాళ్లలో అందరికంటే గట్టిగా అనేవాడు వెంకట్రాజమే.

"పిరికోన్ని గాక ఏంది?" అనేవాడు హోటల్లో చాయ్ సాసర్లో పోసుకుంటూ. "సర్కారు నాకిచ్చే జీతం దగ్గే వరకే సరిపోతది. పట్టుకునుడుకు అలగ్ ఇయ్యాలె."

ఆయనది రఘునాథపల్లి. తండ్రి అంజయ్యకు మూడెకరాల మిరపచేను, కొడుకు బడిపంతులైతే చూడాలన్న కోరిక ఉండేవి. చేను మిగిలింది. కొడుకు పందొమ్మిదివందల అరవై ఏడులో పోలీసుల్లో చేరి, ఖాకీ లాగు తొడుక్కొని మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు, అంజయ్య ఆ మోకాళ్లను చాలాసేపు పరిశీలించాడు.

"ఏడో తరగతిల ఇడిసిన లాగు మళ్ల తొడిగిచ్చిన్రా కొడుకా?" అన్నాడు చివరికి.

ఇక వెంకట్రాజం వీరగాథలో ప్రధాన ఘట్టం అరవై తొమ్మిదిలో జరిగింది. అప్పుడాయన జనగామలో ఉన్నాడు. ఊరంతా "జై తెలంగాణ" అంటోంది. పిల్లలు బళ్లు మానేసి రైలు పట్టాల మీద కూర్చున్నారు. వాళ్లను లేపడానికి స్టేషన్ నుంచి పన్నెండుమంది పోలీసులు బయలుదేరారు. రాళ్లు ఆపే బెత్తపు డాళ్లు మాత్రం ఏడే ఉన్నాయి. ఎవరికి ఇవ్వాలన్న దానిమీద ఎస్సై కొంత ఆలోచించి, పెళ్లాం పిల్లలున్న వాళ్లకు ఆరు, తనకొకటి అని తేల్చాడు. వెంకట్రాజానికి పెళ్లై మూడు నెలలే. పెళ్లాం ఉంది గానీ పిల్లలు లేరు కాబట్టి సగం అర్హతే ఉందన్నారు. సగం డాలు ఇచ్చే పద్ధతి పోలీసు శాఖలో లేదు.

పట్టాల పక్కన నిలబడ్డప్పుడు ఆయనకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఆ పిల్లలు అరుస్తున్నది ఆయనకూ లోపల ఇష్టమే. జీతం సర్కారుది కాబట్టి పైకి అనకూడదు. అందుకని పెదవులు కదపకుండా వాళ్లతోపాటు అంటూ ఉన్నాడు. అలా ఒక "జై" అయి, "తెలంగాణ" ఇంకా గొంతులో ఉండగా, పట్టాల మీది కంకరరాయి ఒకటి వచ్చి నుదుటికి తగిలింది.

రాయి విసిరిన చేతిని ఆయన స్పష్టంగా చూశాడు. ఆ చేతికున్న గళ్ల అంగీని ఇంకా స్పష్టంగా చూశాడు. అది పెళ్లిలో బామ్మర్దికి తాను పెట్టిన అంగీ. లోపల ఉన్నది కూడా బామ్మర్దే. పదో తరగతి చదువుతున్న లక్ష్మీకాంత్.

దవాఖానలో కాంపౌండరు నాలుగు కుట్లు వేశాడు. తిరిగి స్టేషన్‌కు రాగానే ఎస్సై అడిగాడు.

"ఎవడు కొట్టిండు? చూసినవా?"

చూశానంటే కేసు, అరెస్టు. చూడలేదంటే అక్కడున్న పిల్లలందరినీ పట్టుకొచ్చి కూర్చోబెడతారు. వాళ్లలో ఆ గళ్ల అంగీ కూడా ఉంటుంది. వెంకట్రాజం తన జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ తరువాత కూడా ఆలోచించలేదు.

"ఎవ్వలు కొట్టలే సార్. గుమ్మం తగిలింది."

"ఏ గుమ్మం?"

"మన ఠాణా గుమ్మమే సార్. పట్టాల కాడికి పోకముందే తగిలింది."

ఎస్సైకి కేసు ఒకటి తగ్గింది కాబట్టి ఇంకేమీ అడగలేదు. స్టేషన్‌లో ఏ గంటకు ఏం జరిగిందో రాసే పెద్ద పుస్తకాన్ని అప్పటికింకా రోజ్‌నామ్చా అనేవారు. అందులో వెంకట్రాజం తన చేత్తోనే, గుండ్రటి అక్షరాలతో, "అజాగ్రత్తగా గుమ్మమునకు తల తగిలించుకొని గాయపడితిని" అని రాసి సంతకం పెట్టాడు.

ఇంటికి పోయి కట్టు చూపిస్తే భార్య రాజమణి సంగతంతా విని, "వాడు రాళ్లు ఏస్తాండని తెల్సి గాడెందుకు నిలవడ్డవ్?" అంది.

తరువాత ఆయన్ని భూపాలపల్లి వైపు వేశారు. అప్పట్లో అటు రోడ్డు తక్కువ, అడవి ఎక్కువ. సమన్లు ఇవ్వడానికి పదేసి మైళ్లు నడవాలి. అక్కడ వెంకట్రాజం దగ్గుకు చరిత్రలో ఒకే ఒక్క పరాజయం ఎదురైంది. ఒక గూడెం దగ్గర ఇప్పచెట్టు పక్కన ఆగి, మామూలుగా మూడుసార్లు దగ్గాడు. జిల్లాలో ప్రతి ప్రాణీ ఆ దగ్గు విని వెనక్కి పోయేది. ఆ ఒక్కటి ముందుకొచ్చింది. అది ఎలుగుబంటి. ఆ రోజు ఆయన ఎంత వేగంగా పరుగెత్తాడో చెప్పడానికి సాక్షులు లేరు. సమన్లు మాత్రం అడవిలోనే ఎక్కడో ఎలుగుబంటికి అందాయి.

డెబ్బై ఎనిమిదిలో మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు వచ్చేసరికి వెంకట్రాజానికి ముప్పై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు, కొంచెం పొట్ట. అక్కడ హెడ్డు కానిస్టేబుల్ హన్మంతు ఒక సాయంత్రం ఒక వార్త తెచ్చాడు. పోలీసుల పనిలో ఉన్న అపాయానికి తగ్గట్టు జీతం ఉందా లేదా తేల్చడానికి ఒక పెద్దాఫీసరు వస్తున్నాడట. జనం దాడిలో దెబ్బలు తిన్నట్టు రుజువు చూపిన వాళ్లకు రెండు ఇంక్రిమెంట్లు ఇప్పిస్తాడట.

"మన ఠాణల నెత్తి మీద నిశానీ ఉన్నోడివి నువ్వొక్కనివే రాజం. మొగులు మీది నుంచి రాలినయనుకో ఇంక్రిమెంట్లు," అన్నాడు హన్మంతు.

"నిశానీ ఉన్నది గని అన్నా, కాయితంల గుమ్మం ఉన్నది."

సంగతి విన్న హన్మంతు తలపట్టుకున్నాడు. "గా పుస్తకం చెదలు తినకపోయిందా?"

"నేను రాసింది చెదలు గూడ తినయన్నా. రుచి ఉండదు."

"ఇప్పుడు రాయి తగిలిందంటె, అప్పుడు తప్పెందుకు రాసినవంటరు. ఎవన్ని దాసినవంటరు. ఉత్త మాటతోని ఇడువరు, పేరు బయటికి లాగుతరు."

లాగితే వచ్చేది లక్ష్మీకాంత్. అతను అప్పటికి డిగ్రీ పూర్తిచేసి, నాలుగేళ్లు ఖాళీగా తిరిగి, ఎట్టకేలకు బ్యాంకు గుమాస్తా పరీక్ష గట్టెక్కాడు. కుర్రవాడి నడవడి ఎలాంటిది, గొడవల్లో ఏమైనా ఉన్నాడా అని అడిగే కాగితం ఆ వారమే పోలీసుల చేతికి వచ్చింది. అది శుభ్రంగా తిరిగి వెళితేనే ఉద్యోగం.

ఆ ఆదివారం లక్ష్మీకాంత్ మానుకోట వచ్చాడు. అక్క చేసిన కోడికూర తిని, చెయ్యి కడుక్కొని, వీరుడిలా నిలబడ్డాడు.

"బావా, నువ్వు నిజం చెప్పు. రాయేసింది నేనే అని చెప్పు. నా నౌకరి పోతె పోనీ."

"గీ ముచ్చట తినకముందు చెప్పవైతివి?" అన్నాడు వెంకట్రాజం. "ఒక ముక్క నాకు గూడ దక్కేది."

"మజాక్ కాదు బావా. తొమ్మిదేండ్ల సంది నాకు మనసుల కొడతనే ఉన్నది."

"నాకు నుదుటికే కొట్టింది. ఒక్క దినంల తక్కువైంది. కూసో."

రాజమణి గిన్నెలు తీస్తూ తమ్ముడి మీద విరుచుకుపడింది. "ఒక్క రాయేసి రెండిండ్లు కూలగొట్టేటట్టున్నవ్ గదరా! నువ్వు నోరు మూసుకో." తరువాత భర్త వైపు తిరిగింది. గొంతు తగ్గింది. "రెండు ఇంక్రిమెంట్లంటె ఎంతొస్తదయ్యా నెలకు?"

ఆయన చెప్పాడు. రాజమణి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకొని, గిన్నెలు పట్టుకొని లోపలికి పోయింది. పిల్లల బడి బట్టలు ఆ చలికాలానికి ఎలాగూ కొనాలి. ఆ వేళ్ల లెక్క వెంకట్రాజానికి ఎలుగుబంటి కంటే భయంగా తోచింది.

విచారణ రోజున ఆఫీసరు దిగిన సర్కారు బంగళా ఆవరణలో కానిస్టేబుళ్లందరినీ వరసగా అటెన్షన్‌లో నిలబెట్టారు. ఆఫీసరు మంచివాడు. తలంతా నెరిసింది, అద్దాలు ముక్కు చివర ఉన్నాయి. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, "మీ పనిలో ఉన్న అపాయానికి జీతం సరిపోతుందా?" అని అడిగాడు. ఆయన వెనక సర్కిల్ ఇన్‌స్పెక్టరు, సర్కిలు వెనక ఎస్సై నిలబడి ఉన్నారు. అటెన్షన్‌లో ఉన్న పోలీసుకు వచ్చే జవాబు ఒకటే.

"సరిపోతది సార్!"

మొదటివాడు అన్నాడు. రెండోవాడు అన్నాడు. డోర్నకల్ జంక్షన్‌లో దొంగను పట్టబోయి రెండు పళ్లు పోగొట్టుకున్న చత్రు నాయక్ కూడా, ఆ సందులోంచి గాలి పోతుండగా, "చరిపోతది చార్!" అన్నాడు. పదిహేడుమంది చెప్పారు. రాష్ట్రంలో ఇంత తృప్తిగా ఉన్న నౌకర్లు ఇంకెక్కడా లేరని ఆఫీసరు రాసుకుంటున్నట్టు అనిపించింది.

వెంకట్రాజం దగ్గరికి వచ్చి ఆయన ఆగాడు. మచ్చ చూశాడు.

"ఇది ఎలా తగిలింది?"

పక్కనున్న గుమాస్తా జనగామ నుంచి తెప్పించిన రోజ్‌నామ్చా నకలు అందించాడు. ఆఫీసరు చదివాడు. కళ్లద్దాల మీదుగా వెంకట్రాజాన్ని పాదాల నుంచి టోపీ దాకా కొలిచాడు.

"నీ ఎత్తెంత?"

"అయిదడుగుల అయిదంగుళాలు సార్."

"నేను జనగామ స్టేషన్ చూశాను. ఆ గుమ్మం ఆరడుగులు దాటి ఉంటుంది. నీ తలకు ఎలా తగిలింది?"

సర్కిలు ముందుకు వంగాడు. హన్మంతు కళ్లు మూసుకున్నాడు. ఆఫీసరు గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు అన్నాడు. "చూడు, అవి గొడవల రోజులు. రాయి అని చెబితే నేను నమ్ముతాను. ఎవరు వేశారో కూడా నీకు తెలిసే ఉంటుంది. పేరు చెప్పు. తప్పుడు రాతను నేను మాఫీ చేయిస్తాను. నీ రెండు ఇంక్రిమెంట్లు నీకు వస్తాయి."

వెంకట్రాజానికి ముందు ఇంక్రిమెంట్లు కనిపించాయి. తరువాత పిల్లల బట్టలు కనిపించాయి. ఆ వెనకాలే, ఎవరూ పిలవకుండానే, ఆ గళ్ల అంగీ కనిపించింది. దాన్ని కొన్నదీ తానే. "ఇరవై రూపాయల బట్టకు ఇంత ఖర్చు ఉంటదని దుకాణపోడు చెప్పకపాయె," అనుకున్నాడు.

"ఎగిరిన సార్," అన్నాడు.

"ఏమిటి?"

"గుమ్మంల నిలవడి ఎగిరిన సార్. అప్పుడు తగిలింది."

"ఎందుకు ఎగిరావు?"

"జీతం వచ్చిందని చెప్పిన్రు సార్."

వరసలో ఎవరో నవ్వాపుకోలేక ముక్కుతో శబ్దం చేశారు. సర్కిలు మొహం ఎర్రబడింది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ఆ మచ్చనీ, ఆ మనిషినీ ఇంకోసారి చూసి, చాలాసేపు కలం ఆడించాడు.

"జీతం అంటే అంత ఎగురుతావా? అయితే సరిపోతుందన్నమాట."

"వచ్చిన దినం సరిపోతది సార్. తెల్లారి నుంచే జర తక్లీఫ్."

ఆ ఒక్క వాక్యాన్నీ ఆఫీసరు రాసుకున్నాడని హన్మంతు చెబుతాడు. రాసుకోలేదని చత్రు నాయక్ చెబుతాడు. నాలుగు నెలల తరువాత ఆయన నివేదిక వచ్చింది. జనగామ స్టేషన్ గుమ్మాన్ని మరో అడుగు ఎత్తు చేయాలని అందులో సిఫార్సు ఉంది. ఇంక్రిమెంట్లు వచ్చిన వాళ్ల జాబితాలో వెంకట్రాజం పేరు లేదు.

"మంచిగైంది," అన్నాడాయన భార్యతో. "ఇగ ఎంత ఎగిరినా తగలది."

రాజమణి అప్పుడు నవ్వింది. పిల్లల పాత చొక్కాలకు తానే మోచేతుల దగ్గర అతుకులు వేసింది. ఆయన పక్కన కూర్చొని సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు. తన సర్వీసులో చేసిన అత్యంత సూక్ష్మమైన పని అదేనని స్టేషన్‌లో చెప్పుకున్నాడు.

లక్ష్మీకాంత్ కాగితం శుభ్రంగా తిరిగి వెళ్లింది. దసరా ముందు అతను బ్యాంకులో చేరాడు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చొని చేసే ఆ ఉద్యోగంలో అతని మొదటి నెల జీతం, పదకొండేళ్ల సర్వీసున్న బావ జీతం కంటే నూట ముప్పై ఆరు రూపాయలు ఎక్కువ.