అప్ప కట్టిన అట్టముక్క

మా వీధి చివర మిక్సీలు, ఫ్యాన్లు, మైకు సెట్లు బాగుచేసే అప్ప పోయిన మంగళవారం ఉదయం చనిపోయింది. రెండు వారాలుగా ఒంట్లో బాగాలేదు. అయినా సోమవారం దాకా షాపు తీసింది. విజయనగరంలో ముప్ఫై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఎందరి మరణవార్తలో నా చేతి మీదుగా వెళ్లాయి. అప్ప వార్త పేపర్లో రాలేదు. అందుకే ఇది.

ఆమె నాకు చుట్టం కాదు. మా వైపు అక్కను అప్ప అంటారు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ అప్పే. భర్త నడిపిన షాపును ఆయన పోయాక తనే నడిపింది. బాగుచేతకు వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక అట్టముక్క దారంతో కట్టి, దాని మీద లోపం రాసేది. "పనిచేయడం లేదు" అంటే రాసేది కాదు.

"పని సేస్తే నా కాడికెందుకు తెస్తావు? ఎప్పుడాగిపోతంది, ఏటి సప్పుడొస్తంది, అది సెప్పు" అనేది. ఇంకో మాట కూడా తరచూ అనేది: "సూసింది సెప్పు. అనుకున్నది సెప్పకు." ఉద్యోగంలో చేరిన కొత్తలో మా డెస్కులో పెద్దాయన చెప్పిందీ ఇదే. ఆయనకు అరగంట పట్టింది.

రెండేళ్ల కిందట నేను ఒక పాత బేస్ గిటారు కొన్నాను. కాలేజీ రోజుల్లో వాయించేవాణ్ణి. నాలుగు లావుపాటి తీగలు. పాట కింద గుమ్ముగా మోగాల్సిన వాద్యం. అమ్మినాయనది భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. ఇంట్లో అందరూ చేపల వేటకు వెళ్లేవాళ్లే, ఆయనొక్కడే ఆర్కెస్ట్రాలోకి వచ్చాడు. పెళ్లిళ్లకు డీజే బాక్సులు వచ్చాక వాయించే పిలుపులు ఆగిపోయాయి. ఎప్పుడైనా కచేరీ ఉంటే మైకులు, సామాను చూసుకోవడానికి మాత్రం పిలిచేవారు.

గిటారు ఇంటికి తెచ్చి యాంప్లిఫయరుకు తగిలిస్తే రేకుడబ్బా మీద కొట్టినట్టు పలచగా మోగింది. తీగలు మార్చాను. వైరు మార్చాను. తేడా లేదు. అప్ప దగ్గరికి తీసుకెళ్లాను.

"ఏటిది తమ్ముడూ, వీణకి సెల్లెలా?"

"బేస్ గిటారు అప్పా. సౌండు బాగోలేదు."

"బాగోనేదంటే నాకేటి తెలుస్తాది? బాగుంటే ఎలాగుంటాదో ముందు సెప్పు."

నోటితో గుమ్ గుమ్ అని చూపించాను. "పేపరోడివనుకున్నాను, కచేరీ కూడా సేస్తావేటి!" అని నవ్వింది.

అప్పుడు కరెంటు లేదు. వాయించి వినే వీలు లేదు. పైనున్న రేకు విప్పి చూసింది. తీగల కింద శబ్దాన్ని పట్టే అయస్కాంతం పట్టీలు రెండున్నాయి. ఒకదాని నుంచి వచ్చే వైర్ల దగ్గర టంకం నల్లబడి ఉంది. రెండోదాని దగ్గర కొత్తగా మెరుస్తోంది.

"మార్సీసినారు. అసలుది పీకీసి నాసిరకంది పెట్టుంటారు" అంది. అట్టముక్క మీద 'లోపల సామాను మార్చారు' అని రాసి గిటారు తలకు కట్టింది.

నేను షాపు మెట్టు దిగకముందే గిటారు అమ్మినాయనకు ఫోన్ చేసి మోసం చేశావన్నాను. "నాను మార్సనేదు సార్" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనేలోపు ఫోన్ పెట్టేశాను. ఆర్కెస్ట్రా యజమాని నాకు తెలిసినవాడే. ఆయనకూ చెప్పాను. సామాను చూసుకునే మనిషి మీద అలాంటి మాట పడితే ఏమవుతుందో ఆలోచించలేదు. ఆ మనిషిని పిలవడం మానేశారు.

మూడో రోజు అప్ప కబురంపింది, బేగి రమ్మని. గిటారును మైకు యాంప్లిఫయరుకు తగిలించి ఉంచింది. మొదటి పట్టీ సౌండు నాబు ఒక్కటే తిప్పి తీగ మీటమంది. నిండుగా మోగింది. అది తగ్గించి రెండోది తిప్పింది. అదీ నిండుగానే మోగింది. రెండూ కలిపి తిప్పితే గుమ్ము మాయమైంది.

"పెళ్లి పందిట్లో రెండు బాక్సులకి ప్లస్సూ మైనస్సూ తిరగేసి కడితే ఇలాగే అవుతాది. ఒకటి తోస్తంటే ఒకటి లాగతంది."

రెండు వైర్లు ఊడదీసి అటుదిటు అతికించింది. ఈసారి రెండు నాబులూ తెరిచి మీటితే బల్ల మీది స్క్రూల డబ్బా గలగలలాడింది. నాకు సంతోషం ఆగలేదు. అప్ప ముఖంలో అది లేదు.

"సామాను అసలుదే తమ్ముడూ. ఎవులూ మార్సనేదు. ఊడిన వైర్లు అతికినప్పుడు తిరగబడిపోనాయి. ఆయన్నేటైనా అన్నావా?"

అన్నదంతా చెప్పాను. టంకం కడ్డీ స్విచ్ ఆపింది.

"ఇనకుండా సెప్పీసినాను. తప్పు నాది. పద."

"ఫోన్ చేస్తాలే అప్పా."

"ఒరే, మాట ఎక్కడ పడీసినావో అక్కడికెల్లి ఎత్తాల. ఫోన్లో రాదది."

మిట్టమధ్యాహ్నం షాపు మూసి, ముందు ఆర్కెస్ట్రా యజమాని దగ్గరికి, అక్కడి నుంచి బస్సులో భోగాపురం వైపు నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. గిటారు అమ్మినాయన తన ఇంట్లో అప్పకు కుర్చీ వేశాడు. నన్ను కూర్చోమనలేదు.

"కూకోను బాబూ. తప్పొప్పుకోడానికొచ్చినాను, సుట్టపు సూపుకి కాదు" అని, ఉన్నది ఉన్నట్టు నిలబడే చెప్పింది.

ఆయన నా వైపు తిరిగాడు. "వైర్లు ఊడిపోతే నానే అతికినానని అమ్మిన రోజే సెప్పినాను గదా సార్. అప్పటినుంచీ రెండూ తెరిస్తే పలచబడతంది, తీగలు పాతవైపోనాయి అనుకున్నాను."

నిజమే, చెప్పాడు. నా ధ్యాస బేరం మీద ఉంది. నేను ఆ మాట పట్టించుకోలేదు. క్షమించమన్నాను. ఆయన తల ఊపాడు, అంతే. తర్వాతి నెల ఆయన్ని మళ్లీ పిలిచారు. మధ్యలో పోయిన రెండు కచేరీలు పోయినట్టే.

షాపుకు తిరిగొచ్చాక అప్ప ఆ అట్టముక్క మీది పాత మాటను ఒక్క గీతతో కొట్టేసింది. కింద రాసింది: 'మార్చలేదు. వైర్లు తిరగబడ్డాయి. వినకుండా చెప్పాను.'

"చింపేసి కొత్తది కట్టొచ్చుగా అప్పా?"

"సింపీస్తే నాను తప్పు సెప్పనట్టయిపోతాది."

నా ముప్ఫై ఏళ్లలో నేను తప్పు రాసిన వార్తలున్నాయి. కొన్నింటికి సవరణ వేశాం, లోపలి పేజీలో, అడుగున. కొన్నింటికి వేయలేదు. ఆ గీత చూశాక రెండింటికి వేయించాను. ఆ సంగతి అప్పకు చెప్పలేదు. చెబుదామనుకుంటూనే ఉన్నాను.

మంగళవారం సాయంత్రం అంత్యక్రియలకు గిటారు అమ్మినాయన కూడా వచ్చాడు. అయిపోయాక మా ఇంటి దాకా నడిచొచ్చి గుమ్మంలో ఆగాడు.

"ఉన్నాదా సార్ అది?"

గిటారు తెచ్చి, యాంప్లిఫయరుకు తగిలించి ఇచ్చాను. ఈసారి కూర్చోమని నేనన్నాను, కూర్చున్నాడు. రెండు నాబులూ పూర్తిగా తెరిచి, అన్నిటికంటే లావు తీగను ఒక్కసారి మీటాడు. గిటారు తల దగ్గర దారానికి వేలాడుతున్న అట్టముక్క వణికింది. ఆయన అరచేత్తో తీగను ఆపాడు. శబ్దం ఆగింది. అట్టముక్క ఇంకా కాసేపు ఊగుతూనే ఉంది. గీత వెనక పాత మాటను ఇప్పటికీ చదవొచ్చు.