వేలికి గుచ్చుకున్న సూది

కోళ్ళ పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ కోళ్ళక్క అనేవాళ్ళు. గింజుకునే కోడిపిల్లను అరచేతిలో వెల్లకిలా అదిమిపట్టి, రెక్క విప్పి, దారంలా కనిపించే నరంలోకి సూది దించడంలో ఆమెది చెయ్యి తిరిగిన పనితనం.

కేంద్రంలో పరిశోధన చేసే మేడమ్ చూసేది కోడిపిల్లల ఎదుగుదలని. మెదడు కింద ఒక చిన్న గ్రంథి ఉంటుందని, ఎదుగుదల హార్మోన్‌ని అది ధారగా కాకుండా ఉండుండి వదులుతుందని, వదలమని చెప్పేదీ చాలించమని చెప్పేదీ మెదడేనని మేడమ్ ఆమెకు విడమరిచి చెప్పింది. చాలించమని చెప్పే పదార్థాన్ని సూదిమందుగా కోడిపిల్లలకు ఎక్కించి, రక్తం తీసి చూసేవాళ్ళు. దాని పేరుకి నోరు తిరగక కోళ్ళక్క ‘ఆపుడు మందు’ అనేది.

కోళ్ళక్క కడుపుతో ఉన్నప్పుడు ఒక కోడిపిల్ల ఎగిరి తన్నింది. ఆపుడు మందు ఉన్న సూది ఆమె బొటనవేలిలో దిగింది. చెయ్యి కడుక్కుని మళ్ళీ పనిలో పడింది, ఎవరికీ చెప్పలేదు.

కూతురు బొద్దుగా పుట్టింది. బళ్ళో వేసేదాకా బాగానే ఎదిగింది. ఆ తర్వాత నిరుడు కుట్టించిన గౌను ఈ ఏడూ సరిపోయింది. బస్సు నడిపే భర్త, “మా తల్లి బట్టలు చిరగనివ్వదు, పొట్టి కానివ్వదు” అని నవ్వాడు. అత్తగారు మామూలుగానే, మన వైపు పొట్టివాళ్ళెవరూ లేరే అంది. ఆ మాటకి కోళ్ళక్క చేతిలో గరిట ఆగిపోయింది. ఆనాడు బొటనవేలిలో దిగిన సూది గుర్తొచ్చింది.

అప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. డాక్టరుకి చూపిద్దామని భర్త అన్నప్పుడల్లా ఏదో వంక పెట్టేది. రక్తం తీస్తే నిజం బయటపడుతుంది. తల్లే బిడ్డ ఎదుగుదలని ఆపేసిందని డాక్టరు నోటితో వినాల్సి వస్తుంది. కేంద్రంలో మందు ఎక్కించని కోడిపిల్లలు ఈకలు దులుపుకుని తిరుగుతుంటే మొహం తిప్పుకునేది.

పాప మందకొడిగా తయారైంది. ఎండాకాలంలోనూ చలేస్తోందని స్వెటర్ అడిగేది. క్లాసులో నిద్రపోతోందని టీచరు కబురు పెట్టింది. చివరికి జడ వేయించుకుంటూ పాపే అడిగింది.

“అమ్మా, నేను ఇంక ఇంతేనా?”

ఆ రోజు కోళ్ళక్క మేడమ్ దగ్గర అంతా కక్కేసింది. మేడమ్ తిట్టలేదు.

“ఆ మందు రక్తంలో కాసేపు కూడా నిలవదు. దాని ప్రభావం తగ్గగానే కోడిపిల్లల్లో హార్మోన్ ముందుకన్నా ఎక్కువగా ఎగదన్నడం నువ్వూ చూశావుగా. నీ వేలిలో చుక్క ఇన్నేళ్ళు ఎలా ఉంటుంది?”

“మరి ఎందుకు ఎదగట్లేదండీ?”

“నాకు తెలీదు. నాకు తెలిసింది కోళ్ళ సంగతే. రేపే డాక్టరుకి చూపించు.”

గుండెల మీద బరువు దిగాలి. దిగలేదు. అది కాకపోతే ఇంకేమిటన్న భయం దాని చోట్లో కూర్చుంది.

డాక్టరు పరీక్షలు చేయించి, థైరాయిడ్ పని చేయట్లేదని, అందుకే ఎదుగుదల హార్మోన్ కూడా మందగించిందని చెప్పాడు. రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేయాలన్నాడు. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాడు. రెండేళ్ళని ఆమె నేల చూస్తూ చెప్పింది.

“ముందే తేవాల్సింది. మించిపోలేదు కానీ, పోయిన ఎత్తంతా వస్తుందని మాట ఇవ్వలేను.”

ఇంటికొచ్చే దారిలో భర్తకి సూది సంగతి చెప్పింది. అతను “ఒక్కదానివే ఎందుకు మోశావు?” అని మాత్రం అన్నాడు. కోపగించుకుని ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

మాత్రలు పనిచేశాయి. పాప ముందు స్వెటర్ వదిలింది, తర్వాత మాట వినడం మానేసింది. అయినా కాస్త మగతగా కనిపిస్తే చాలు, కోళ్ళక్క డబ్బాలో మాత్రలు లెక్కపెట్టేది.

ఒకనాడు స్నానాల గదిలోకి వెళ్ళిన పాప ఎంతకీ పలకలేదు. తలుపు తోస్తే లోపల గడియ. పాపకి ఇన్నాళ్ళూ అందని ఎత్తులో ఉన్న గడియ అది. కోళ్ళక్క ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దబదబా బాదింది. కాసేపటికి లోపల్నుంచి కిసుక్కున నవ్వు.

“గడియ అందిందమ్మా,” అంది పాప, “తియ్యడమే రావట్లేదు.”