తెలుపవే

మా పక్కింటి త్రినాథరావు తాతగారు ఇక్కడి ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో పనిచేస్తూనే నలభై కీర్తనలు కట్టారు. మిల్లు చప్పుడుకు చెవులు దాదాపు పోయాయి. రేపు ఖుర్సీపార్ గుడిలో పిల్లలు మొదటిసారి ఆయన కీర్తన పాడాలి. ఇక్కడ హిందీ బడుల్లో చదివిన వాళ్లకూ నాకూ హిందీ అక్షరాలే వచ్చు కాబట్టి, నేనే వాటిలో రాసిచ్చాను.

సాధనలో పిల్లలు ‘తెలుపవే తల్లీ’ని ‘తేలుపవే’ అన్నారు. హిందీలో పొట్టి ‘ఎ’ లేదు. వాళ్ల పెదాలు చూస్తూ తాళం వేస్తున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

“ఏటమ్మా, నా కీర్తనలో తప్పుందేటి?”

ఊరుకుంటే రేపు గుడిలో అందరూ నవ్వుతారు, తప్పు తనదేననుకుని ఆయన ఇక కీర్తనలు కట్టరు.

“నా రాత తప్పు తాతగారూ. పాటలో తేలుని పెట్టేశాను,” అని చెవిలో గట్టిగా చెప్పాను.

“కుట్టెస్తాది గదే. నువ్వే ఓపాలి పాడు.”

నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని నేను, ఆయన చేతినే చూస్తూ ‘తెలుపవే’ అన్నాను. చెయ్యి తాళంలో పడింది.