అలికి మూసిన కంత

ఒక శుక్రవారం పొద్దున పొయ్యి అలుకుతూ ఉన్నాను. పేడ, ఎర్రమన్ను కలిపి గట్టంతా రాసి, పొగగొట్టం మొదలు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. చేయి మన్నులోనే ఉంచి కూర్చుండిపోయాను. అంతకుముందు రెండు నెలలుగా దగ్గు ఉంది. దగ్గు వస్తే ఎవరు పని ఆపుతారు? పదేళ్ల పిల్లప్పటి నుంచి పొయ్యి అలుకుతున్నాను, సగంలో ఆగింది ఆ రోజే. కాస్త తేరుకుని మిగిలింది కూడా అలికి, సుద్దతో గీతలు పెట్టాకే లేచాను.

మాది బంగారుపాళ్యం పక్క పల్లె. కొడుకు మునిరత్నానికి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పని. కోడలు కస్తూరి. మూడేళ్ల మనవరాలు చిట్టి. మా ఇంట్లో ఉన్నది పొగరాని పొయ్యి. పంచాయతీ సమితి ఆఫీసు తరఫున ఒక మనిషి వచ్చి కట్టిపోయాడు. రెండు కళ్ల మట్టి పొయ్యి, వెనక సిమెంటు గొట్టం కప్పు దాటి పైకి పోతుంది. గొట్టం అడుగున చేయి దూరేంత కంత, దానికి పెంకు బిళ్ల ఒకటి. మా వీధిలో అదే మొదటిది. చూడవచ్చిన వాళ్లకు కాఫీ ఇచ్చానో లేదో గాని పొయ్యి మాత్రం చూపించి పంపేదాన్ని.

అందులో కాల్చేది మామిడి టెంకలు. ఫ్యాక్టరీ వాళ్లు గుట్టలుగా పారబోస్తారు, ఊరికే వస్తాయి. మునిరత్నం గోనెసంచుల్లో నింపి సైకిలు మీద తెచ్చేవాడు. రెండు పూటలు ఎండలో వేసి, ఇంకా పచ్చి ఆరకముందే పొయ్యిలో పెట్టేదాన్ని. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం నాకు చేతకాదు.

కస్తూరి ఒకటి రెండుసార్లు చెప్పింది. "అత్తా, పొగ ఎనక్కి తిరిగొస్తాండాది."

"నీకు ఊదేది తెలీదు. మీయమ్మ నేర్పించింటే గదా," అన్నాను.

నాకు పొగ కనిపించలేదా అని మీరు అడగవచ్చు. నలభై ఏళ్లు మామూలు పొయ్యి ముందర కూర్చున్నదాన్ని. కళ్లు మండితేనే వంట అయినట్టు లెక్క.

చిత్తూరులో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎక్స్‌రే తీశారు. "లంగ్స్‌లో షాడో ఉంది" అన్నాడు డాక్టరు. బీడీ తాగుతావా అని అడిగాడు.

"నన్ను సూస్తే బీడీ తాగేదాని మాదిరి ఉండానా?" అన్నాను.

"ఇంట్లో పొగ ఉంటుందా?"

"మాది పొగరాని పొయ్యి సార్," అన్నాడు మునిరత్నం, నాకంటే ముందు. డాక్టరు తల ఊపి ఇంకో మాటలోకి పోయాడు. ఆ ఒక్క జవాబు మాకు ఏడాది పైన తినేసింది.

స్పుటం టెస్టు అని మూడు రోజులు వరుసగా చిన్న డబ్బాలో కళ్లె పట్టి ఇచ్చాను. మూడుసార్లూ నెగటివ్. "నెగటివ్ వచ్చినా టీబీ కాదని చెప్పలేం, ట్రీట్‌మెంట్ మొదలుపెడదాం" అన్నారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను, దాంతోపాటు మాత్రలు. పిర్ర గట్టిపడి ఒక పక్కకు కూర్చోలేకపోయాను. చెవుల్లో ఎప్పుడూ రొద.

ఇంట్లో నాకు తినడానికి ఒక సత్తు తట్ట, తాగడానికి ఒక లోటా వేరు చేశారు. మంచం పశువుల కొట్టంలో వేశారు. వంట కస్తూరి మీద పడింది. చిట్టిని నా దగ్గరికి రానివ్వలేదు. అది కొట్టం గుంజ పట్టుకుని నిలబడి, "అవ్వా, నేను పెద్దయినంక వస్తాలే నీకాడికి," అనింది. ఆ మాటకు నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నెలన్నరకు దగ్గు తగ్గింది. "రెస్పాన్స్ బాగుంది" అన్నాడు డాక్టరు. సంతోషంగా ఇంట్లోకి వచ్చి మళ్లీ పొయ్యి పట్టుకున్నాను. ఇరవై రోజులు తిరక్కుండానే మొదటికన్నా ఎక్కువైంది. డాక్టరు నా వైపు కోపంగా చూశాడు. "రిలాప్స్, రోగం తిరగబెట్టింది. మాత్రలు మధ్యలో మానేసి ఉంటావు."

"లేదు సార్."

"అందరూ ఇట్లే చెప్తారు."

చింతగింజలు కూడా పారేయనిదాన్ని, మాత్రలు పారేస్తానా? చెప్తే వినే మనిషి లేడు.

మళ్లీ కొట్టంలోకి పోయాను. అప్పుడు కస్తూరికి దగ్గు మొదలైంది. వడమాలపేట నుంచి వాళ్లమ్మ వచ్చింది. గడప లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడే మాట్లాడింది.

"తప్పుగా అనుకోవద్దు వదినా. నీ రోగం నా బిడ్డకు అంటింది. నీకు బాగయ్యేదాకా తల్లీబిడ్డా నాకాడుంటారు."

"ఎన్నాళ్లు?"

"ఆ మాట నీ డాక్టర్ని అడుగు."

చిట్టి బస్సెక్కింది. పది రోజులకు కార్డు వచ్చింది, కస్తూరికి మందు లేకుండానే దగ్గు పోయిందని. సంతోషపడాల్సిన మాట. నాకు కడుపు మండింది. నా దగ్గర లేకపోతేనే వాళ్లకు ఆరోగ్యం అన్నమాట. ఆ పిల్ల ఇక ఈ ఇంటికి రాదనుకున్నాను.

కొడుక్కు వండేవాళ్లు లేక మళ్లీ నేనే పొయ్యి ముందుకు పోయాను. ఎనిమిది తొమ్మిది నెలలు అట్లే లాగాక మెట్టు ఎక్కలేని స్థితి. మునిరత్నం తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ ఒక డాక్టరమ్మ పాత కాగితాలన్నీ చూసి పక్కన పెట్టింది.

"దగ్గు ఎక్కడ ఉన్నప్పుడు తగ్గింది అవ్వా?"

"కొట్టంలో."

"కొట్టంలో పొయ్యి ఉందా?"

"లేదు తల్లీ."

"ఇంట్లో ఇంకెవరికైనా దగ్గు వచ్చిందా?"

"కోడలికి వచ్చింది. వాళ్లమ్మగారింట్లో తగ్గింది. వాళ్లది బయట సావిట్లో పొయ్యి."

"మీది?"

"పొగరాని పొయ్యి," అన్నాడు మునిరత్నం మళ్లీ.

"గొట్టం ఎప్పుడు శుభ్రం చేశారు?"

వాడు నా ముఖం చూశాడు. "ప్రతి శుక్రవారం అలుకుతాను తల్లీ," అన్నాను.

"పైన కాదు అవ్వా. లోపల."

డాక్టరమ్మ కొత్త చీటీ తీసింది. "ఇది టీబీ అనిపించడం లేదు, మళ్లీ టెస్టు చేస్తాం. క్రానిక్ బ్రాంకైటిస్, ఊపిరి గొట్టాలు వాచే జబ్బు లాగుంది. పొగ ఆగకపోతే నా మందు పనిచేయదు. పోయిన ఊపిరంతా తిరిగి రాదు, ఉన్నది కాపాడుకుందాం," అనింది. టెస్టుల తరువాత అదే ఖాయం చేసింది. ఇంజెక్షన్లు ఆపించింది.

ఇంటికి వచ్చి కంత కోసం వెతికితే కంత కనిపించలేదు. అప్పుడు గుర్తొచ్చింది. కట్టినాయన చెప్పాడు, "అమ్మా, నెలకోసారి ఈ బిళ్ల తీసి మసి లాగేయండి" అని. నేను అప్పుడు ఆయన మాట వినలేదు, నా నేల మీద ఆయన బురదకాళ్లు చూస్తూ ఉన్నాను. బిళ్ల చుట్టూ పగులు అసహ్యంగా ఉందని మొదటి శుక్రవారమే మన్ను మెత్తాను. ఆ తరువాత వారానికొక పూత. పైన సుద్ద గీతలు.

మునిరత్నం ఉలితో కొట్టాడు. వేలు మందం మన్ను పెళ్లలుగా ఊడింది. బిళ్ల తీయగానే మసి జారి నా పాదాల మీద పడింది. లోపల టెంకల జిడ్డు తారులాగా గట్టిపడి, గొట్టంలో చిటికెన వేలు దూరే సందు మిగిలింది. వాడు కప్పెక్కి, వెదురుకు కొబ్బరి పీచు కట్టి పైనుంచి పొడిచాడు. కింద నేను ముక్కుకు గుడ్డ కట్టుకుని బయట నిలబడ్డాను. తరువాత పొయ్యి వెలిగిస్తే మంట గుయ్యిమని వెనక్కి లాక్కుంది. నాకు ఆనందం రాలేదు. అన్ని ఇంజెక్షన్లు, అన్ని బస్సులు, ఆసుపత్రిలో అన్ని వరసలు, ఒక పిడికెడు మన్ను కోసం. ఎవరిని తిట్టాలి? చేయి నాదే.

నేను చదివింది మూడో తరగతి. అయినా వియ్యపురాలికి నేనే కార్డు రాశాను. నాది అంటురోగం కాదు, తప్పు నా పొయ్యిది, వచ్చి చూసుకో అని.

ఆమె వచ్చింది. నమ్మడానికి కాదు, పరీక్షకు. "సూపించు వదినా ఆ కంత," అనింది. చేయి పెట్టి చూసింది. సంగటి ఉడికేదాకా వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది.

"పొగ యాడ?" అనింది చివరికి.

"బయటికి పోయి పైన సూడు."

పోయి చూసి వచ్చింది. ఆ సాయంత్రం బస్సుకే వెనక్కి పోయి, మూడో రోజు తల్లీబిడ్డను దింపిపోయింది.

కస్తూరి గడపలోనే నిలబడి అడిగింది. "నేను సెప్పినాను గదత్తా, పొగ ఎనక్కి వస్తాండాదని."

"సెప్పినావు. నాకు వినేది తెలీలేదు," అన్నాను. అంతకన్నా ఎక్కువ నేను ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు వంట ఇద్దరం చేస్తాం. టెంకలు ఇంకా తెస్తున్నాం, కాని వేసవంతా ఎండి గలగలమంటేనే పొయ్యిలోకి. చలికాలం నాకు మాత్రలు తప్పవు. గుట్ట మీది మామిడి తోటకు పోవాలంటే మూడు చోట్ల ఆగుతాను. నా మీద నాకున్న కోపం కూడా పోలేదు.

మీకు చెప్పేది ఒకటే. పొగరాని పొయ్యి ఉన్నవాళ్లు దాని కంత మీద మన్ను రాయవద్దు. అలకడానికి ముందు బిళ్ల తీసి మసి లాగండి, నెలకోసారి పైనుంచి గొట్టం పొడవండి, ఆ తరువాతే సుద్ద గీతలు.

నాకని వేరుచేసిన సత్తు తట్ట పారేయలేదు. శుక్రవారం దాన్ని కంత కింద పెడతాను, మసి అందులో పడుతుంది. చిట్టి నా కంచంలో తింటుంది.