మణికట్టు పట్టు

అరవయ్యో దశకంలో, నేను ఎస్సెల్సీ చదివే రోజుల్లో నెల్లూరు తీరాన ఒక జాలరిపాలెం జట్టుతో చెడుగుడు ఆడుతున్నాం. కూతకొచ్చిన పోలయ్య విసురుకు, పక్కవాడి వేళ్లు పట్టుకున్న నా చెయ్యి జారి మా గొలుసు తెగింది.

"మణికట్టు పట్టాలని ఎన్నిసార్లు చెప్పినానురా" అని కెప్టెన్ మస్తానన్న కసిరాడు.

అంతలో ఒడ్డుకొస్తున్న తెప్ప అలకు తిరగబడింది. దాని మీది ముసలాయన మునిగి తేలుతున్నాడు. రెండు జట్లూ ఒకే గొలుసుగా నీళ్లలోకి దిగాం. అందరికంటే ముందు పోలయ్య, అతని వెనక నేను. అల లాగుతుంటే భుజం ఊడొస్తుందనిపించింది. అతని మణికట్టు మాత్రం వదల్లేదు.

ముసలాయన్ని ఇసుక మీదికి చేర్చాక కూడా నా పిడికిలి విచ్చుకోలేదు.

"ఇంక వదులన్నా, గట్టుకొచ్చేసినాం" అన్నాడు పోలయ్య.

ఇప్పుడు రోడ్డు దాటేటప్పుడు మనవరాలు వేలందిస్తుంది. నేను మణికట్టే పట్టుకుంటాను.