పత్యం కూడు, పెరిగే కాలేయం

అక్క కాలేయం పాడైపోతే, నాది సగానికి పైగా కోసి ఆమెకు పెట్టారు. ఇద్దరికీ తక్కువైంది మళ్ళీ పెరుగుతుందని విశాఖలో డాక్టరు ధైర్యం చెప్పారు. ముందు కండ పెరుగుతుందట, రక్తనాళాలు వెనకాల వచ్చి అల్లుకుంటాయట. బొబ్బిలి దగ్గర వరి పండించే మా బావకు ఇది మింగుడు పడలేదు.

"కాలవ తవ్వకుండా ఉబాలు సేస్తారేటండి ఎవులైనా?" అన్నాడు.

నాట్లు వేసేశాక నీళ్ళు వెతుక్కునే రైతును ఆయన జన్మలో చూడలేదు. డాక్టరు నవ్వి, ఇక్కడ నారే దాహమేసి కాలవను పిలుచుకుంటుందన్నారు. అక్క ఒంట్లో ఆ కాలవలు వేళకు రాకపోతే పెట్టిన ముక్క నిలవదని మాత్రం నవ్వకుండా చెప్పారు.

ఇద్దరినీ ఇంటికి పంపాక అమ్మ పెత్తనం మొదలైంది. కోత పడ్డ ఒళ్ళు పచ్చి ఒళ్ళేనని తీర్మానించి, బాలింతల పత్యం మా ఇద్దరికీ పెట్టింది. పప్పు తింటే చీము, గుడ్డు వేడి, పెరుగు జలుబు. ఇక మిగిలింది వేడన్నం, వెల్లుల్లి కారం. మీసాలున్న బాలింతను మా ఇంట్లోనే చూడొచ్చని బావ ఊరంతా చెప్పుకొచ్చాడు. నాకు ఆకలికి చిర్రెత్తుకొచ్చేది. డాక్టరు తినమన్నవాటి సంగతి ఎత్తితే, ఆయనేమైనా నిన్ను కన్నాడా అని అమ్మ నా నోరు మూయించేది.

ఇంతలో అక్క కాళ్ళు వాచాయి. పరుగున విశాఖ తీసుకెళ్తే, ఏం తింటున్నారో విని డాక్టరు తల పట్టుకున్నారు. గుడ్డూ పప్పూ లేకుండా కండ దేంతో పెరుగుతుంది, కండే పెరగకపోతే నాళాలు దేనికోసం వస్తాయి అని అమ్మను కూర్చోబెట్టి అడిగారు. మర్నాటి నుంచి గుడ్లు, ముద్దపప్పు, చేపల పులుసు. అక్కకు పెట్టింది అక్క తింటే, ఇద్దరు తినేంత నేనొక్కణ్ణే తిన్నాను, సిగ్గేమీ పడలేదు.

తర్వాతి స్కానింగుకు అమ్మ కూడా వస్తానంది. అక్క పొట్ట మీద పరికరం ఆనించగానే గదంతా బుస్సు బుస్సుమని చప్పుడు. ముక్క బాగా పెరిగిందని, వినబడేది అందులో పారుతున్న రక్తమేనని డాక్టరు చెప్పారు. అన్నాళ్ళూ వేళాకోళమాడిన బావ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ గుండె బరువు దిగింది. అమ్మ మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. డాక్టరుకు నన్ను చూపించింది.

"ఆడిదీ ఓసారి ఇనిపించండి బాబూ. నాను కత్తి కింద పెట్టింది ఇద్దర్ని."