అట్ట వేయని నవల

లారీ మెకానిక్కు మీసాలు చూసి కొత్త డ్రైవర్లు ఒకడుగు వెనక్కి వేస్తారు. అంతటి మీసాలాయన పని ముగియగానే కిరసనాయిలుతోనూ, ఆపైన సబ్బుతోనూ చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, గోళ్ళను వెలుతురులో పరీక్షించుకుని, అప్పుడు నవల తెరుస్తాడు. అదీ ఆడమనిషి ‘నేను’ అంటూ చెప్పే నవలే అయ్యుండాలి. మగవాడు కథ మొదలుపెడితే ఆవులిస్తాడు. “వీడేం దాస్తాడో నాకు తెలుసు. నేనూ అదే దాస్తాను,” అన్నది ఆయనగారి విమర్శ సిద్ధాంతం.

అలాంటి నవలలు మగవాళ్ళు తీసుకుంటే, అద్దె పుస్తకాల షాపాయన అడక్కుండానే పాత న్యూస్‌పేపరుతో అట్ట వేసి ఇవ్వడం ఆనవాయితీ. మొన్న మెకానిక్కు ఆ అట్టను అక్కడే చింపి బల్లమీద పెట్టాడు. “మీ పరువు కోసమేనండీ,” అన్నాడు షాపాయన, గొంతు తగ్గించి. “నా పరువుకి అట్టలక్కర్లేదు,” అన్నాడు ఈయన, గొంతు పెంచి. తిన్నగా షెడ్డుకొచ్చి, ముఖచిత్రం రోడ్డుకు కనబడేలా పట్టుకుని స్టూలుమీద కూర్చున్నాడు. డ్రైవర్లు కిసుక్కుమన్నారు. షెడ్డులో వాటాదారైన బావమరిది తల పట్టుకున్నాడు.

“అక్క కోసమని చెప్పు బావా, నీకు దణ్ణం పెడతాను. ఇలాగైతే మన షెడ్డుకి ఎవడొస్తాడు?”

“మీ అక్క యుద్ధం కథలు చదువుతుంది. ఇది నాకే. ఈవిడ మొదటి పేజీలోనే మొగుణ్ణి ఉతకడం మొదలెట్టింది. ఇలాంటివాటిలో ఎక్కడో ఒకచోట నేను దొరుకుతాను.”

“దొరికావా?”

“పోయినసారి తెచ్చినదాంట్లో దొరికాను. ఇందులో ఓ బావమరిదున్నాడు. కూర్చో, అందరికీ వినబడేలా చదువుతాను.”